బ్రోకెన్ స్వోర్డ్: పునర్నిర్మాణ విమర్శ

రివల్యూషన్ సంస్థ 1996లో వెలువరించిన "బ్రోకెన్ స్వోర్డ్" అను కంప్యూటరు ఆట పారిస్ కాఫీశాలలోని ప్రేలుడుతో మొదలగును. ఆటగాడు సర్వమును జార్జి పక్షముననే చూచును. పాత్రికేయురాలగు నీకో ఎంతవఱకు నమ్మదగినదో క్రమముగా నెఱుఁగును. 2009లో నింటెండో డీఎస్ అను చేతియంత్రమునకై సంస్కరించిన ప్రతి నీకో కథతోనే ఆరంభమగుచున్నది. ఆమె పాత్ర విస్తరించినమాట నిజమే. కాని ఆమెయందలి రహస్యము తొలి ఘట్టముననే నశించినది.

మౌసు పనిని తెరపై పుల్ల చక్కగానే నిర్వహించును. పాత్రలకు కంఠధ్వని లేమిని యంత్రపరిమితిగా మన్నింపవచ్చును. డేవ్ గిబ్బన్స్ గీసిన ముఖచిత్రములు కొంత యూఱట. జార్జి మరణఘట్టములను తొలగించుట మాత్రము క్షంతవ్యము కాదు. హంతకుఁడు తుపాకి యెత్తినను ప్రాణాపాయము లేదని తెలిసిన ఆటగానికి భయమెట్లు కలుగును? విభావమే లేనిచోట భయానకము నిష్పన్నము కానేరదు. ఐర్లండు ఘట్టమున ప్రసిద్ధమైన మేక చిక్కును సులభము చేయుటయు ఈ వైఖరి ఫలితమే.