గోడ మీది రంగులు, కాలి కింది పలకలు: ఆధునిక కళ, బొటిక్ హోటల్ రూపకల్పన

కళావిమర్శ పాఠాల్లో మీరు ఇంతవరకు చిత్రాన్ని చిత్రంగా, శిల్పాన్ని శిల్పంగా చూశారు. కళ అక్కడి నుంచి కదిలి మనుషులు తినే, పడుకునే, స్నానం చేసే చోటికి వస్తే ఏమవుతుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. 'ఆధునిక కళ స్ఫూర్తితో రూపొందించిన హోటల్' అనే మాట ప్రకటనల్లో తరచు కనిపిస్తుంది. ఆ మాట చూసినప్పుడు మీరు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. హోటల్ ఆ కళ నుంచి తీసుకున్నది దాని పైరూపమా, పని పద్ధతా? తీసుకున్నది అతిథికి ఉపయోగపడిందా? ఈ రెండింటికీ తృప్తికరంగా జవాబు చెప్పగల హోటళ్లు తక్కువ అని నా అభిప్రాయం. ఎందుకు తక్కువో కొన్ని ఉదాహరణలతో చూద్దాం.

బొటిక్ హోటల్ అంటే ఏమిటి?

'బొటిక్' ఫ్రెంచి మాట. చిన్న దుకాణం అని అర్థం. 1984లో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రూబెల్ న్యూయార్క్‌లోని మాడిసన్ అవెన్యూలో మోర్గన్స్ హోటల్‌ను ప్రారంభించారు. పెద్ద హోటళ్లు అన్ని సరుకులూ దొరికే డిపార్ట్‌మెంట్ స్టోర్ల వంటివైతే, తమది బొటిక్ వంటిదని రూబెల్ పోల్చాడు. ఆ పోలికతోనే ఈ పేరు వాడుకలోకి వచ్చిందని సాధారణంగా చెబుతారు. గదులు తక్కువగా ఉండడం, ప్రతి హోటల్‌కూ తనదైన రూపం ఉండడం దీని లక్షణాలు.

మోర్గన్స్ లోపలి రూపకల్పన చేసినది ఫ్రెంచి డిజైనర్ ఆంద్రే పుట్‌మన్. ఖర్చుకు పరిమితి ఉండడంతో ఆమె స్నానాల గదులకు చవక రకం నలుపు, తెలుపు పలకలను చదరంగపు గళ్ల వరసలో పరిపించింది. ఆమె ఏ చిత్రకారుడి బొమ్మనూ అనుకరించలేదు. కాని తక్కువ రంగులతో, సరళమైన ఆకారాలతో, అలంకరణ లేకుండా పని సాగించడం ఆధునిక కళ నేర్పిన పాఠమే. ఈ తేడాను గుర్తుంచుకుంటే తరువాతి ఉదాహరణలు సులభంగా అర్థమవుతాయి.

పేరు మిగిలింది, రంగులు పోయాయి

పీట్ మోండ్రియాన్ (1872–1944) చిత్రాలు మీకు తెలిసినవే: నల్లని అడ్డగీతలు, నిలువుగీతలు, వాటి మధ్య ఎరుపు, పసుపు, నీలం. లాస్ ఏంజిలిస్‌లోని ఒక హోటల్ ఆయన పేరే పెట్టుకుంది. 1980ల్లో యాకొవ్ అగమ్ అనే కళాకారుడు ఆ భవనం బయటి గోడలను మోండ్రియాన్‌ను తలపించే రంగుల పట్టీలతో నింపాడు. ఆ తరువాత హోటల్ ష్రేగర్ చేతికి వచ్చింది. 1996లో ఫిలిప్ స్టార్క్ దానిని తెలుపు ప్రధానంగా కొత్తగా తీర్చిదిద్దాడు. పట్టీలు పోయాయి, పేరు మాత్రం మిగిలింది.

ఇక్కడ తప్పు తెలుపుది కాదు. రంగులు భవనానికి పైపూతగా మాత్రమే ఉన్నాయి కాబట్టి, వాటిని తీసివేసినా హోటల్ నడకలో ఏ లోటూ రాలేదు. మోండ్రియాన్ స్వయంగా తన గదిలో చేసిన పనితో దీన్ని పోల్చి చూడండి. పారిస్‌లోని తన స్టూడియో గోడలకు ఆయన రంగు అట్టముక్కలు తగిలించి, సమతుల్యం కుదిరేదాకా వాటి స్థానాలు మార్చేవాడు. ఆయన పనిచేసింది, నివసించింది ఆ గదిలోనే. ఒక రంగును జరిపితే మిగిలినవన్నీ ఎలా మారతాయో చూడడమే ఆయన పద్ధతి. హోటల్‌కు అందవలసింది ఆ పద్ధతి. అందినది చిత్రాల పోలిక మాత్రమే.

అతిథిని చిత్రంలో కూర్చోబెడితే

అయితే పద్ధతిని తీసుకుంటే చాలా? చాలదని చెప్పే ఉదాహరణ స్ట్రాస్‌బుర్గ్ నగరంలోని ఆబెట్. ఇది బస చేసే హోటల్ కాదు. తినడానికి, తాగడానికి, నృత్యం చేయడానికి, సినిమా చూడడానికి ఒకేచోట వీలున్న వినోదశాల. 1928లో ప్రారంభమైన దీని లోపలి భాగాలను సోఫీ టాయిబర్ ఆర్ప్, జాన్ ఆర్ప్, థియో వాన్ డూస్‌బర్గ్ రూపొందించారు. మొదట పని దొరికింది సోఫీకే. మిగిలిన ఇద్దరినీ ఆమె పిలిచింది.

మనిషిని చిత్రం ఎదుట కాక చిత్రం లోపల నిలపాలన్నది వాన్ డూస్‌బర్గ్ ఆశయం. సినిమా, నృత్యశాల గోడల మీదా పైకప్పు మీదా ఆయన పెద్ద పెద్ద రంగుపలకలను ఏటవాలుగా అమర్చాడు. కళాచరిత్రలో ఇది గొప్ప ప్రయోగం. కాని వచ్చేవారికి నచ్చలేదు. యజమానులు క్రమంగా మార్పులు చేశారు. 1938 నాటికి ఆ రూపకల్పన కనబడకుండా పోయింది. చాలా కాలం తరువాత కొన్ని గదులను పునరుద్ధరించారు.

జనానికి అభిరుచి లేదని ఒక్క మాటతో తేల్చడం సులభం. నేను ఆ తీర్పుతో ఏకీభవించను. ఏటవాలు గీత చూపును నిలవనీయదు. నృత్యం చేసేవారికి ఆ కదలిక తోడవుతుంది. గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పుకునేవారికి అదే అలసట కావచ్చు. సోఫీ రూపొందించిన గదుల్లో చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు నిటారుగా, నెమ్మదిగా ఉంటాయి. ఆమె వస్త్రకళ నేర్పిన అధ్యాపకురాలు, నర్తకి కూడా. నూలుతో, శరీరంతో పనిచేసిన ఆ అనుభవం ఆమె గదుల్లో కనిపిస్తుందని నాకు అనిపిస్తుంది. ఒకే కళా ఉద్యమం, ఒకే భవనం. అయినా అతిథి పట్ల వైఖరిలో ఇంత తేడా ఉంది.

నేల మీదికి దిగిన కళ

ఇటలీలో సొరెంటో పట్టణంలోని పార్కో దేయి ప్రిన్సిపి హోటల్ 1962 నాటిది. దీని రూపశిల్పి జో పొంటి. ఆయన వాస్తుశిల్పి, చిత్రకారుడు, 'దోముస్' పత్రిక స్థాపకుడు. ఈ హోటల్‌కు ఆయన రెండే రంగులు ఎంచుకున్నాడు: నీలం, తెలుపు. కిటికీ బయట నేపుల్స్ అఖాతపు సముద్రం, ఆకాశం ఉన్నాయి, లోపలి నీలం వాటికి కొనసాగింపు. నేలకు 30 రకాల నమూనాలతో పింగాణీ పలకలు గీశాడు. వాటిని రకరకాలుగా కలిపి పరిచినందువల్ల 100 గదుల్లో ఏ రెండింటి నేలా ఒకలా ఉండదు.

కొద్ది మూలకాలు, కొన్ని నియమాలు, వాటి నుంచి లెక్కలేనన్ని రూపాలు: నైరూప్య కళ పద్ధతి ఇదే. మన వాకిళ్లలో చుక్కల ముగ్గు వేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. అవే చుక్కలు, గీత తిప్పిన తీరునుబట్టి వేరే ముగ్గు. ముగ్గు మాదిరిగానే ఇక్కడా కళ కాలి కింద ఉంది. సముద్రస్నానం చేసి వచ్చిన అతిథి తడికాళ్లతో నడిచినా పలక చెడదు. గది శుభ్రం చేసే పనివారికి తుడవడం సులభం. ఒక పలక పగిలితే దాన్ని మాత్రమే మార్చవచ్చు. చూపు మీద ఒత్తిడి లేదు, కావాలనుకున్నవారు వంగి చూస్తారు. నేను మొదట అడిగిన రెండు ప్రశ్నలకూ ఇక్కడ జవాబు దొరుకుతుంది.

కళాకారుడు వద్దన్నప్పుడు

ఒక అభ్యంతరం మిగిలే ఉంది. మోండ్రియాన్, వాన్ డూస్‌బర్గ్‌ల తరం కళ అందరి జీవితంలో భాగం కావాలని కోరుకుంది. బొటిక్ హోటల్ ఆ కోరికను గది అద్దె చెల్లించగలవారికి అమ్ముతుంది. ఈ వైరుధ్యాన్ని మార్క్ రాత్కో అనుభవం స్పష్టం చేస్తుంది. 1958లో న్యూయార్క్‌లోని సీగ్రమ్ భవనంలో రాబోతున్న ఫోర్ సీజన్స్ రెస్టారెంట్ కోసం చిత్రాలు వేయడానికి ఆయన ఒప్పుకున్నాడు. ముదురు ఎరుపు, నలుపు ఛాయల్లో పెద్ద చిత్రాలు వేశాడు. తరువాత భార్యతో కలిసి అక్కడ భోజనం చేసి వచ్చి, ఒప్పందం రద్దు చేసుకుని డబ్బు తిరిగి ఇచ్చేశాడు. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్‌లోని టేట్ సంగ్రహంలో ఉన్నాయి.

రాత్కోకు గది మీద వ్యతిరేకత లేదు, తన చిత్రాలన్నీ కలిసి ఒక గది కావాలనే ఆయన కోరుకున్నాడు. భోజనానికి తోడుగా, గోడకు అందంగా మిగిలిపోవడం ఆ చిత్రాలు ఒప్పుకోలేని పాత్ర. ఆతిథ్యం మనిషికి సుఖం కలిగించాలి. కొంత కళ మనిషిని కలవరపెట్టడానికే పుట్టింది. రెంటినీ ఒకే గదిలో బలవంతంగా ఉంచితే ఒకటి ఓడిపోతుంది. అందుకే మంచి డిజైనర్‌కు ఏ కళను తీసుకోవాలో తెలిసినంతగా దేన్ని వదిలెయ్యాలో కూడా తెలియాలి.

అభ్యాసం

మీలో కొందరు ఆతిథ్య రంగంలో పనిచేస్తూ చదువుకుంటూ ఉండవచ్చు. మీ ఊరిలోని ఏదైనా హోటల్ లేదా లాడ్జి ముందుగది చూసి ఒక పుట విమర్శ రాయండి. గోడ మీది చిత్రాలు తీసేస్తే అక్కడ ఏం మారుతుంది? రూపకల్పనలోని ఏ భాగాన్ని అతిథి చేయి, కాలు తాకుతాయి? దాన్ని రోజూ శుభ్రం చేసేవారికి ఎంత శ్రమ? 'బాగుంది', 'బాగాలేదు' అన్న మాటలు వాడకుండా ఈ మూడింటికీ జవాబులు రాయండి.