శబ్దశుద్ధిలో ఊష్మాల గతి

విద్యార్థుల చిత్రాలలో వాయిస్ ఓవర్, అంటే తెరమీద కనిపించని గొంతు వినిపించే కథనం, సాధారణంగా కూర్పు ముగిసి, డబ్బూ ఓపికా అడుగంటిన దశలో ఏదో ఒక హాస్టల్ గదిలో రికార్డవుతుంది కనుక, అక్కడ చేరిన మలినమంతా సాఫ్ట్‌వేర్‌తో పోతుందన్న భరోసా వారిలో బలంగా ఉంటుంది. విద్యుత్ తీగల నుండి చేరే ‘హమ్’ విషయంలో ఈ భరోసా సమంజసమే; మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్‌లది కావడంతో ఆ ధ్వని 50, 100, 150 హెర్ట్జ్‌ల వద్ద నిలకడగా ఉంటుంది, కాబట్టి ఆ సన్నని పట్టీలను మాత్రమే కోసే నాచ్ ఫిల్టర్‌తో గొంతుకు పెద్దగా హాని లేకుండా దానిని తీసివేయవచ్చు.

ఫ్యాను హోరు సంగతి వేరు. అది అనేక పౌనఃపున్యాలలో పరచుకుని ఉంటుంది. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని నాయిస్ రిడక్షన్, మాట లేని చోటి హోరును నమూనాగా తీసుకుని, ప్రతి పౌనఃపున్య పట్టీలోనూ ఆ స్థాయిని మించని ధ్వనిని తగ్గిస్తుంది. అయితే వ్యాకరణం ఊష్మాలని పేర్కొన్న శ, ష, స, హలు గాలి ఒరిపిడి వల్ల పుట్టేవి కనుక, ధ్వనిశాస్త్ర దృష్టిలో అవీ హోరు జాతికి చెందినవే. భ, ధ వంటి మహాప్రాణాలలోని ఊపిరిదీ అదే స్వభావం. తగ్గింపు మితిమీరితే ఈ అక్షరాలు మొద్దుబారతాయి, మిగిలిన హోరు ‘మ్యూజికల్ నాయిస్’ అనే బుడగల చప్పుడుగా మారుతుంది. వేసవిలో ఫ్యాను ఆపి చదవమనడం కఠినమే అయినా అంతకు మించిన చికిత్స లేదు.

గది ప్రతిధ్వని ఇంకా మొండిది, ఎందుకంటే అది గొంతుకే నకలు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించే ఆచారం దానిపై పెద్దగా పనిచేయదు. చదివేవారి చుట్టూ వేలాడదీసిన బొంతలు, దుప్పట్లు అంతకంటే మేలు.

చదవడం ముగిశాక అదే గదిలో అర నిమిషం మౌనాన్ని రికార్డు చేసి, ‘రూమ్ టోన్’ అనే ఆ నేపథ్యాన్ని కోతల నడుమ పరిస్తే అతుకులు చెవికి తగలవు. శుద్ధి ఎంతవరకో తేల్చేటప్పుడు కూడా గొంతును ఒంటరిగా వినడం మోసకరం. చిత్రంలోని సంగీతం, వీధి సవ్వడి కింద స్వల్పమైన హోరు మరుగున పడుతుంది, కానీ అరిగిపోయిన ‘స’ను ఏ సంగీతమూ తిరిగి తేలేదు.