పతకంలోని ముఖం రోము నాణెమేనా?

నాగార్జునకొండ బౌద్ధ అవశేషాలపై ఎ. హెచ్. లాంగ్‌హర్స్ట్ 1938లో వెలువరించిన నివేదికలో రెండు చిన్న బంగారు పతకాల ప్రస్తావన ఉన్నది. వాటిపై పాశ్చాత్య శైలిలో ఒక పురుషముఖం, ఒక స్త్రీముఖం ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఇట్టి ఆభరణాలను ‘రోము నాణెం’ అని ఒక్కమాటతో తేల్చివేసే అలవాటు పరిశీలనకు నిలువదు.

నాణెం రెండు అచ్చుల నడుమ సమ్మెటదెబ్బతో రూపొందుతుంది. కనుక దానికి రెండు వైపులా బొమ్మలు, సాధారణంగా అంచు వెంబడి లేఖనం ఉంటాయి. పలుచని రేకుపై అచ్చొత్తిన బిళ్ళకు వెనుక గుంట మాత్రమే మిగులుతుంది. కాబట్టి ముఖచిత్రం కన్న ముందు చూడవలసినవి వెనుకవైపు, లేఖనం, బరువు. అగస్టస్ కాలపు ఆరియస్ సుమారు 7.8 గ్రాములు తూగుతుంది. ఈటెలు, డాళ్ళ నడుమ నిలిచిన ఇద్దరు యువకులు గాయస్, లూసియస్ సీజర్లు. అది అగస్టస్ నాణెం. కొమ్మ పట్టి కూర్చున్న స్త్రీ, ‘పాంటిఫ్ మాక్సిమ్’ లేఖనం టైబీరియస్ నాణేనికి గుర్తులు. రంధ్రమూ సాక్ష్యమే: అది చక్రవర్తి శిరస్సుకు పైన ఉంటే, ధరించినవారు ఆ ముఖాన్ని నిటారుగా చూపదలచినట్లు.

తెలంగాణలోని కొండాపూర్‌లో టైబీరియస్ నాణేలను అనుకరించిన మట్టి బిళ్ళలు లభించాయి. బంగారం లేనిచోట కూడా ఆ రూపానికి ఆదరణ ఉండేదని అవి తెలుపుతాయి.

అసలు నాణెం వర్తకానికి సాక్ష్యం. అనుకరణ స్థానిక శిల్పి నేర్పుకు సాక్ష్యం. రెండింటినీ ఒకటిగా లెక్కిస్తే వర్తకం పెరిగినట్లు తోస్తుంది, శిల్పి మరుగున పడతాడు. లేఖనం లేని పతకానికి చక్రవర్తి పేరు అతికించక, ‘రోమన్ శైలి పతకం’ అనడమే ఉచితం.