పేరు చూసి కాదు, షాటు చూసి

మహిళలు తీసిన సినిమాలను శ్రద్ధగా చూసి రాసే సమీక్షకుల పనితనం మెచ్చుకోదగ్గది. మొవ్వ దగ్గరి కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి నవల ‘మీనా’ను విజయనిర్మల 1973లో తెరకెక్కించారు. మంచి సమీక్షకులు దాన్ని ‘ఆడవాళ్ల కథ’ అని ఒక్క మాటతో తేల్చేయరు. తల్లి పెత్తనానికీ తన ఇష్టానికీ మధ్య నలిగే పిల్లను కెమెరా ఎంత దగ్గర నుంచి చూసింది, సన్నివేశం చివర ఎవరి ముఖం మీద ఆగింది అని గమనిస్తారు. దర్శకత్వానికి ఆడా మగా ఏమిటని కొందరంటారు. నిజమే, కొలత అందరికీ ఒకటే ఉండాలి. కానీ నలభైకి పైగా సినిమాలు తీసి 2002లో గిన్నిస్‌కెక్కిన విజయనిర్మలను ఇప్పటికీ ముందు నటిగానే తలుచుకుంటున్నాం. భానుమతి దర్శకత్వం వహించిన ‘చండీరాణి’ (1953)దీ అదే కథ. ఈ లోటు పూడ్చేది పొగడ్త కాదు, షాటు షాటుగా చూసి రాసిన సమీక్షే. బందరు, గుడివాడ, దివిసీమల్లో కలం పట్టాలనుకునే పిల్లలూ, ‘మీనా’తో మొదలుపెట్టండి.