‘మట్టిలో కలిసిపోవును’ – ఈ మాటకు అర్థమెంత?

పండ్లరసపు దుకాణములలో నేడు అద్దమువలె తేటగా నుండు ఒక గ్లాసు కనబడుచున్నది. దానిపై ‘కంపోస్టబుల్’ అని అచ్చువేసి యుండును. అడిగినచో దుకాణదారుడు, “ఇది మామూలు ప్లాస్టిక్ కాదండీ, మట్టిలో కలిసిపోతుంది” అనును. మన విద్యార్థులును అట్లే నమ్ముచున్నారు. ఇందులో సత్యమెంతయో పరిశీలింతము.

ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగు వాటిని భారత ప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. కంపోస్టగు ప్లాస్టిక్ వస్తువులకు మాత్రము ఈ నిషేధము వర్తింపదు. అయితే అవి ఐ.ఎస్.ఓ. 17088 అను ప్రమాణమునకు సరిపడవలెను. దాని ప్రకారము పదార్థములోని కర్బనములో నూటికి 90 వంతులు 180 దినములలోగా కార్బన్ డయాక్సైడుగా మారవలెను. పరీక్షా పాత్రలోని ఉష్ణోగ్రత సుమారు 58 డిగ్రీల సెంటిగ్రేడు. ఈ ప్రమాణము కొలతలతో కూడినది. దానిని తప్పు పట్టనక్కరలేదు. ఆ 58 డిగ్రీల సంగతి గ్లాసుపై లేకపోవుటయే నా ఆక్షేపణ.

ఆ వేడి ఎందులకు? ఇట్టి గ్లాసులు ఎక్కువగా పాలిలాక్టిక్ ఆమ్లముతో తయారగును. పెరుగు పులుపునకు కారణమైన లాక్టిక్ ఆమ్లపు అణువులే ఇందులో పొడవైన గొలుసులుగా కూర్చబడి యుండును. నీరు ముందుగా ఈ గొలుసులను తెంపవలెను. ఆ తరువాతనే సూక్ష్మజీవులు వాటిని తినగలవు. 60 డిగ్రీల ప్రాంతమున గొలుసులు సడలి, ఈ పని వేగముగా సాగును. గాలి తగులునట్లు తిరుగవేయు పెద్ద ఎరువు కుప్పలో అంత వేడి తనంతట తానే పుట్టును. ఎండకు పేరుపడిన రెంటచింతలలోనైనను, నేలలో జానెడు లోతున అంత వేడి యుండదు. ఇక మురుగుకాలువ మాట చెప్పనేల? అక్కడ ఈ గ్లాసు ఏండ్ల తరబడి నిలువగలదు. పాత సీసాల ప్లాస్టిక్కులో కలిసినచో దానిని కరగించి తిరిగి వాడుటకును ఆటంకమగును.

మోదుగాకు, అడ్డాకు విస్తళ్ల సంగతి వేరు. ఆకులోని సెల్యులోజును నేలలోని బూజులు మామూలు వేడిలోనే తినివేయును. ఐనను అడుగున ప్లాస్టిక్ పొర అతికించిన విస్తరికి ఈ గుణము పూర్తిగా చెల్లదు. పులుసు కట్టి ఇచ్చుటకు ఆకు చాలదన్నదియు నిజమే. దానికి ఇంటినుండి తెచ్చిన స్టీలు క్యారియరే మేలు. అది పారవేయు వస్తువే కాదు.

ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చును. విస్తరి ముక్కను, ఈ గ్లాసు ముక్కను వేరువేరు వల సంచులలో ఉంచి బడితోటలో జానెడు లోతున పాతించుడు. నెలకొకసారి త్రవ్వి, తూచి, వ్రాయించుడు. ఎంత వేడిలో, ఎన్ని దినములలో అని చెప్పని ‘కంపోస్టబుల్’ సగము మాటయే యని విద్యార్థులు తామే తెలిసికొందురు. మిగిలిన సగమును దుకాణదారునే కాక, తయారుచేయువానిని, సర్కారును గూడ అడుగుదురు.