ఒక్క తలుపు మూసిన వాక్యం

కులం పేరుతో తిట్టారని పెట్టే కేసును కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ‘అట్రాసిటీ కేసు’ అంటారు. ఠాణాలో ఫిర్యాదు పడిందని తెలియగానే తిట్టినవాళ్లు వకీలు దగ్గరికి పరుగెత్తి మొదట అడిగేది ముందస్తు బెయిల్ గురించే. అందుకు జవాబు 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 18వ సెక్షన్‌లో ఉంది. ఉన్నది ఒక్కటే వాక్యం. ఇంత పొదుపుగా, ఇంత బిగువుగా కట్టిన వాక్యం మన చట్టాల్లో అరుదు.

ఈ చట్టం కింద నేరం చేశారన్న ఆరోపణపై అరెస్టు చేయాల్సిన కేసులకు, ముందస్తు బెయిల్‌కు దారి ఇచ్చే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 438వ సెక్షన్ వర్తించదు. అది చెప్పేదంతా ఇంతే. మామూలు బెయిల్ జోలికి పోదు, అరెస్టయ్యాక కోర్టును ఆశ్రయించే దారి తెరిచే ఉంటుంది. మూసింది ముందరి తలుపు మాత్రమే.

ఆ తలుపునే ఎందుకు ఎంచుకున్నారో దొరల గడీల నీడలో బతికిన ఊళ్లకు తెలుసు. తిట్టినవాడు, తిట్లు తిన్నవాడు తెల్లారితే ఒకే బాట మీద ఎదురుపడాలి. ఫిర్యాదు తర్వాతి తొలి రోజులే గండం. సాక్షులకు కబుర్లు వెళ్తాయి, కూలి బంద్ అవుతుంది, రాజీకి రమ్మని పంచాయితీ పెడతారు. 1978లో దొరలకు ఎదురు నిలిచి జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన కూలీలకు ఈ ఒత్తిడి కొత్త కాదు. నిందితులు బయట ఉంటే బాధితులను బెదిరిస్తారన్న భయం నిజమైనదేనని 1995లో బలోతియా కేసులో సుప్రీంకోర్టు కూడా గుర్తించి, ఈ సెక్షన్‌ను నిలబెట్టింది.

ఈ చట్టం రూపకల్పనలో ముఖ్యుడు పి.ఎస్. కృష్ణన్, ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి. దళితవాడల్లోనే క్యాంపులు వేసి పనిచేసినవాడు. ఆ అనుభవం మాటల ఎంపికలో కనబడుతుంది. అవమానం ‘బహిరంగ ప్రదేశం’లోనే జరగాలని రాసి ఉంటే దొర వాకిట్లో పడ్డ తిట్టు చట్టానికి అందేది కాదు. ‘జనం కంటబడే ఏ చోటైనా’ అన్న అర్థం వచ్చేలా రాశారు. సొంత ఇంటి ముందు జాగా అయినా దారిన పోయేవాళ్లకు కనిపిస్తే చాలని 2008లో స్వరణ్ సింగ్ కేసులో తేలింది. బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అయితే ఈ నేరం కాదని 2020లో హితేశ్ వర్మ తీర్పు చెప్పింది.

2018 మార్చి 20న మహాజన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 18వ సెక్షన్ బిగింపును సడలించింది. దానికి నిరసనగా ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు పాత వాక్యాన్ని కదిలించకుండా, దాని పక్కనే 18-ఏ చేర్చింది. ఏ కోర్టు తీర్పు ఉన్నా సరే 438 వర్తించదని అందులో స్పష్టంగా రాసింది. మంచి వడ్రంగి పాత దూలాన్ని తీయకుండా పక్కన ఆసరా బిగించినట్టుంది ఆ పని. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది, కానీ ఫిర్యాదు చదివితే ప్రాథమికంగా నేరమే కనిపించనప్పుడు ఈ నిషేధం అడ్డురాదని కూడా అంది. దీన్ని కన్నం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు, ‘ఈ చట్టం కింద నేరం’ అన్న షరతు ఆ పాత వాక్యంలోనే ఉంది కదా. 2024 జూలై 1 నుంచి 438 స్థానంలో కొత్త కోడ్ 482వ సెక్షన్ వచ్చింది. నిషేధం మాత్రం అలాగే ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన, ఇదే చట్టంలోని 15-ఏ సెక్షన్. బెయిల్ విచారణ ఏదైనా బాధితులకు ముందుగా తెలియజేయాలి, వాళ్ల మాట వినాలి. ప్రయాణ ఖర్చులకూ అందులో చోటుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ హైకోర్టుకు దాదాపు 300 కిలోమీటర్లు. రోజు కూలి పోగొట్టుకుని అంత దూరం వచ్చే మనిషిని తలచుకుని రాసిన సెక్షన్ ఇది.

ఈ తలుపు మూసి ఉండేదీ తెరుచుకునేదీ ఫిర్యాదు కాగితాన్ని బట్టే. రాసిపెట్టే చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ‘కులం పేరుతో దూషించారు’ అని ఒక్క ముక్కలో ముగించకండి. ఎక్కడ నిలబడి, ఎవరెవరు వింటుండగా, ఏ మాట అన్నారో ఆ మాటనే రాయండి.