పూసే ముందు చెప్పాల్సినవి

చర్మం మీద కప్ప గుడ్ల గుంపులా చిన్న చిన్న నీటి పొక్కులు. కొన్నిట్లో తేట నీరు, కొన్నిట్లో నెత్తురు. బట్ట రాసుకుంటే చాలు, చితికి కారుతాయి. పులిపిర్లనో సర్పి అనో పొరబడతారు. నిజానికి ఇది పుట్టుకతోనే శోషరస నాళాలు సరిగా కుదరకపోవడం. శోషరసం మాటెత్తితే మన కోస్తా వాళ్లకు బోదకాలే గుర్తొస్తుంది. కానీ ఈ పొక్కులకు దోమతో సంబంధం లేదు.

చర్మవ్యాధుల వైద్యుడిగా నేను మందు కన్నా ముందు తల్లికి ఒక మాట చెబుతాను: "మీ తప్పేం లేదమ్మా. గ్రహణం వల్లా కాదు, మీరు తిన్నదాని వల్లా కాదు." ఎక్కువమందిలో కారణం, బిడ్డ కడుపులో ఉండగా కొన్ని కణాల్లో మాత్రమే పీఐకే3సీఏ అనే జన్యువు మారడం. దాంతో కణాలకు పెరగమనే సంకేతం ఆగకుండా అందుతూ ఉంటుంది.

ఆ సంకేతాన్ని అణచే మందు సిరోలిమస్. 1964లో కెనడా బృందం ఈస్టర్ దీవి నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి దీనికి మూలం. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి మాంట్రియల్ వెళ్లిన సురేంద్రనాథ్ సెహగల్ బృందం దాన్ని వేరుచేసింది. ఆయన పనిచేసే మందుల కంపెనీ దాన్ని పక్కన పెట్టేసినా ఆయన వదల్లేదు. 1999లో కిడ్నీ మార్పిడి రోగుల కోసం అమెరికా అనుమతిచ్చింది.

ఈ పొక్కులకు దాన్ని మాత్రగా మింగితే రోగనిరోధక శక్తి తగ్గవచ్చు, తరచూ రక్తపరీక్షలు తప్పవు. పూతగా వాడితే మందు చాలావరకు చర్మంలోనే ఉండిపోతుంది. మొదట్లో కాస్త మంట, ఎరుపు ఉండొచ్చు. కారడం, నెత్తురు రావడం తగ్గవచ్చు. అయితే పొక్కుల వేళ్లు లోతున ఉంటాయి, పూత అంత దూరం పోదు. ఆపరేషన్, లేజర్ తర్వాత కూడా ఇవి తిరిగి రావడానికి కారణం ఆ లోతే. పూత ఆపేస్తే చాలామందిలో మళ్లీ మొదలవుతాయి. చుట్టూ ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే ఇంట్లో పూస్తూ కూర్చోకూడదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇంత చెబితే రోగి నిరాశపడతాడని కొందరు వైద్యులంటారు. నా నమ్మకం వేరు. పూర్తిగా పోతుందని ఆశపెడితే కొన్నాళ్లకే ట్యూబు మూలన పడుతుంది. ఎంతవరకు తగ్గుతుందో తెలిసినవాళ్లు ఓపిగ్గా పూస్తారు. వాళ్లొచ్చినప్పుడు పొక్కులు లెక్కపెట్టడంతో సరిపెట్టకూడదు, చొక్కా తడుస్తోందా, బిడ్డ బెరుకు లేకుండా బడికి వెళ్తోందా అని కూడా అడగాలి. పూర్తిగా నయం చేయలేని జబ్బులో ఆ తేడా తేవడమూ వైద్యమే. దాని హద్దు ముందే చెప్పడం ఆ వైద్యంలో మొదటి భాగం.